బాటసారి బస – దళారి వాటా

రాత్రి పదునొకండు గంటల వేళ హిందూపురము రైలు స్టేషనులో దిగిన ఒక కుటుంబమును ఊహింపుడు. తెల్లవారగానే లేపాక్షి బసవన్నను, వీరభద్రస్వామి ఆలయమును చూడవలెనని వారి సంకల్పము. రెండు పెట్టెలు, నిద్రకు తూగుచున్న బిడ్డ, చేతిలో ఒక సెల్‌ఫోను. స్టేషనునకు దాపుననే లాడ్జి కలదు. దాని బొమ్మయు, గది ధరయు ఫోనులో కనబడుచునే యున్నవి. కౌంటరు వద్ద కుటుంబ యజమాని, "అన్నా, ఫోన్లో వెయ్యి చూపిస్తా ఉంది, మీరెంతకు ఇస్తారు?" అని యడుగును. లాడ్జి యజమాని ఇటునటు చూచి, గొంతు తగ్గించి, "ఫోన్లో చేయొద్దు సార్, నేరుగా అయితే ఎనిమిది నూర్లకిస్తా" అనును.

తన గదికి తాను ధర చెప్పుకొనుటకు ఆ యజమాని గొంతు తగ్గింపవలసిన అవసరమేమి? ఈ ప్రసంగమున మేము విచారింపదలచినది ఈ ప్రశ్ననే. ఇది ఒక్క హిందూపురపు ప్రశ్న కాదు. పెనుకొండలోను, ధర్మవరములోను, తిరుపతిలోను, ప్యారిసులోను ఇదే ప్రశ్న వేరువేరు భాషలలో వినబడుచున్నది. దీనికి సమాధానము చెప్పవలెనన్న బాటసారి బసకు వెల యెట్లు ఏర్పడెనో, ఆ వెలలో నడిమివానికి వాటా యెట్లు చేరెనో కొంత వెనుకకు పోయి చూడవలసి యున్నది.

వెనుకకు పోవుటకు పెనుకొండ కంటె మంచి చోటు లేదు. 1565లో తల్లికోట యుద్ధమున విజయనగరము పాడుపడిన పిమ్మట తిరుమలరాయలు తన కొలువును ఈ కొండకోటకు తరలించెను. అంతకు ముందును ఇది రాయలకు రెండవ రాజధాని వంటిదే. రాజు ఉన్నచోటికి వర్తకుడు వచ్చును. వర్తకుడు వచ్చినచోట బస కావలెను. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాజనీతి భాగమున దూరదేశముల నుండి ఏనుగులను, మేలైన గుర్రములను తెచ్చు వర్తకులకు ఊళ్లను, పట్టణమున మంచి యిండ్లను ఇచ్చి, కొలువులో దర్శనమొసగి, తగిన లాభము దక్కునట్లు చూడవలెనని చెప్పియున్నాడు. ఆ గుర్రములు శత్రువుల చేతికి పోకుండుటకే యీ మర్యాద. ఇందు ధర్మబుద్ధి కంటె రాజ్యప్రయోజనమే అధికమని మా అభిప్రాయము. ఐనను బసను, న్యాయమైన లాభమును ఒకేచోట చెప్పిన పాలకుడు మనకు ఆ కాలముననే యుండెనన్నది గుర్తుంచుకొనదగిన సంగతి. అంతకు చాల పూర్వము కౌటిల్యుడు స్వదేశపు సరుకుపై నూటికి 5, పరదేశపు సరుకుపై నూటికి 10 మించి వర్తకుడు లాభము తీయరాదని తన అర్థశాస్త్రమున లెక్క కట్టియే చెప్పెను. లాభమునకు మేర యుండవలెనన్న ఊహ నిన్న మొన్నటిది కాదు.

గుర్రముల వర్తకునికి రాజు ఇల్లిచ్చెను. సామాన్యుడగు బాటసారికి సత్రము దిక్కు. సత్రమున అద్దె లేదు. దాత యెవరో మాన్యమిచ్చియుండును. ఆ మాన్యపు ఫలసాయముతో సత్రము నడచును. కుంపిణీ ప్రభుత్వము ఈ ధర్మముల ఆదాయము దారితప్పకుండ చూచుటకు చెన్నపట్టణ రాజధానిలో 1817లో ఏడవ రెగ్యులేషను చేసినది. దేవాలయములు, మసీదులు, వంతెనలు, సత్రములు అన్నియు దాని క్రిందికి వచ్చినవి. దీనినిబట్టి సత్రపు సొమ్మునకును అప్పుడే నడిమివారు తయారై యుండిరని ఊహింపవచ్చును. దొంగలేని చోట తాళము వేయరు గదా.

సత్రమును తలచుకొని పాతకాలమే మేలనుట మన పెద్దలకు అలవాటు. మేము ఆ మాటను పూర్తిగా ఒప్పుకొనజాలము. పెక్కు సత్రములు కులమును అడిగియే చోటిచ్చెడివి. వెల లేకపోవుట నిజమే, కాని అందరికిని తలుపు లేకపోవుటయు నిజమే. రూకలు చెల్లించిన వానికెల్ల గది యిచ్చు లాడ్జి, ఈ ఒక్క విషయమున, సత్రము కంటె ధర్మమైనదని చెప్పుటకు మేము సంకోచింపము. పెనుకొండ బాబయ్య దర్గాకు వచ్చు యాత్రికులలో అన్ని మతములవారును ఉందురు. అట్టి ఊరిలో నిలిచి ఆలోచించినవారికి ఈ మాట మరింత స్పష్టముగా తోచును.

సత్రముల కాలమున ఏ ఊరిలో ఎట్టి బస దొరకునో ముందుగా తెలియుట కష్టము. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణము నుండి బయలుదేరి కాశీకి పోయి వచ్చి, మజిలీ మజిలీకి దిగుటకు తగిన చోటున్నదా, అంగళ్లున్నవా, నీళ్లెట్టివి అని వ్రాసి యుంచిరి. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్రచరిత్ర తరువాతి ప్రయాణికులకు దారిచూపినది. నేడు ఫోనులో నక్షత్రములు వేసి "స్నానాల గది శుభ్రముగా నున్నది" అని వ్రాయువారు చేయుచున్నది అదే పని. భేదమేమనగా, వీరాస్వామయ్యగారు ఎవరివద్దను కమీషను తీసికొనలేదు.

తెల్లదొరల బంగళాలు వచ్చిన పిదప బసకు వెల గోడమీద వ్రాయు పద్ధతి బలపడెను. 1867 నాటి సరాయిల చట్టము, ప్రధానముగా ఉత్తరదేశపు సరాయిలను ఉద్దేశించినది, సరాయి నడుపువాడు తాను తీసికొను రుసుముల పట్టికను అందరికిని కనబడుచోట అంటింపవలెనని విధించినది. చిన్న నియమమే. కాని దాని వెనుకనున్న ఊహ పెద్దది: రాత్రివేళ అలసి వచ్చినవాడు బేరమాడలేడు, అతని అలసటను చూచి ధర పెంచరాదు. 19వ శతాబ్దపు చివరి దశకమున గుంతకల్లు నుండి ధర్మవరము, పెనుకొండ, హిందూపురముల మీదుగా మైసూరు సరిహద్దు వైపు మీటరు గేజి రైలు వచ్చినది. పాకాల నుండి కదిరి మీదుగా వచ్చిన మార్గము ధర్మవరమున కలియుటచే అది కూడలి స్టేషనైనది. రైలు టిక్కెట్టు వెల అందరికిని ఒక్కటే. స్టేషనులలోని విశ్రాంతి గదుల వెలయు అంతే. "వ్రాసిన ధర" అను మాటకు మన పల్లెలలో గౌరవము కలుగుటకు రైలే ముఖ్యకారణమని మాకు తోచుచున్నది.

ఇంక నడిమివాడు. ఇంగ్లండులో థామస్ కుక్ అను నాతడు 1841 జూలై 5వ తేదీన లెస్టరు నుండి లఫ్‌బరోకు తలకొక షిల్లింగు చొప్పున సుమారు 500 మందిని రైలులో తీసికొని పోయెను. నేటి ప్రయాణపు ఏజెన్సీలకు అదియే మూలమని చెప్పుదురు. ఆతడు 1868లో హోటలు కూపనులను ప్రవేశపెట్టెను. ప్రయాణికుడు కుక్ వద్ద ముందుగా కూపను కొనును. పరదేశపు హోటలువాడు ఆ చీటీని పుచ్చుకొని గదియు భోజనమును ఇచ్చి, తరువాత కుక్ వద్ద సొమ్ము రాబట్టుకొనును. కుక్ కంపెనీ 1881లో బొంబాయిలో కార్యాలయము తెరచినది. క్రమముగా ఏజెంటునకు హోటలు నూటికి 10 వంతున ఇచ్చుట లోకమంతట వాడుకయైనది. ఈ ఏర్పాటులో న్యాయము లేకపోలేదు. భాష తెలియని ఊరిలో మోసపోకుండ కూపను ప్రయాణికుని కాపాడెను. హోటలునకు తెలియని అతిథిని తెచ్చిపెట్టెను. ఆ మేలునకు పదింట ఒకటి ఇచ్చుట అన్యాయమని ఎవరును అనలేదు.

మన పాత తెలుగులో దళారిని తరగరి యనిరి. ఆతని కూలి తరగు. ఈ తరగును గురించి పుస్తకములు చదువనక్కరలేని ఊరు హిందూపురము. బెల్లము, చింతపండు, ఎండుమిరపకాయలు – ఈ మూడింటి వర్తకముతో పెరిగిన పట్టణమిది. ధర్మవరము వారికిని ఇది క్రొత్త కాదు. పట్టుచీర మగ్గము దిగినది మొదలు పెండ్లికూతురి ఒడి చేరువరకు ఎన్ని చేతులు మారునో, చేయి మారినప్పుడెల్ల వెల యెంత పెరుగునో నేతగానికి తెలియును. కాని చరిత్రకారునికి ఎక్కువ పనికివచ్చునది మండీ కథయే. కనుక అక్కడ కొంతసేపు ఆగుదము.

రైతు బండికెత్తి తెచ్చిన సరుకును మండీదారు తన అంగడిలో దింపించుకొనును, కొనువానిని చూపును, నూటికింత అని కమీషను పట్టుకొనును. రైతుకు ఊరిలో కొనువాడెవడో తెలియదు. కొనువానికి ఏ రైతు సరుకు మంచిదో తెలియదు. ఇద్దరినీ ఎరిగినవాడు మండీదారు. అతని పని నిజమైన పని. చిక్కంతయు తరువాత వచ్చినది. దేశములోని పెక్కు పాత అంగళ్లలో బేరము తువాలు క్రింద జరిగెడిది: దళారియు, కొనువాడును గుడ్డ చాటున ఒకరి వ్రేళ్లు మరొకరు నొక్కి ధర తేల్చుకొనెడివారు; సరుకుగలవాడు ప్రక్కనే నిలిచి వారి మొగములు చూచుచుండెడివాడు. ధర తెలిసిన పిమ్మట తూనిక కూలి, తరుగు, నమూనా, ధర్మము, దేవుని పేర ఒకటి, గోవు పేర ఒకటి – ఇట్లు కోతలు. పైగా విత్తనమునకు, పెండ్లికి మండీదారే అప్పిచ్చియుండును. అప్పు తీసికొన్న రైతు సరుకును మరియొక మండీకి తోలుకొని పోలేడు. "నీ సరుకు నాకు తప్ప మరియొకరికి చూపరాదు" అను మాట కాగితము మీద లేకున్నను అప్పు పత్రములోనే యున్నది.

1928లో వ్యవసాయమును గూర్చిన రాయల్ కమీషను ఈ అంగళ్ల అక్రమములను వివరించి, క్రమబద్ధమైన మార్కెట్లు కావలెనని సూచించెను. చెన్నపట్టణ రాజధానిలో 1933లో వాణిజ్యపు పంటల మార్కెట్ల చట్టము, పిదప ఆంధ్రప్రదేశములో 1966లో వ్యవసాయోత్పత్తుల మార్కెట్ల చట్టము వచ్చినవి. ఈ చట్టములు దళారిని తొలగింపలేదు. అతనికి లైసెన్సు ఇచ్చినవి, వేలమును బహిరంగము చేసినవి, అనుమతించిన మినహాయింపులు తప్ప వేరొకటి కోయరాదన్నవి, లెక్క చీటీ వ్రాయవలెనన్నవి. తువాలు తీసివేసినవని ఒక్కమాటలో చెప్పవచ్చును. చట్టము వచ్చినంతనే అక్రమము లంతరించినవని చెప్పుట లేదు; యార్డునకు పోయి వచ్చిన ఏ రైతు నడిగినను ఆ సంగతి చెప్పును. ఐనను ఏది అక్రమమో పేరు పెట్టి చెప్పగల స్థితి ఏర్పడినది.

బస విషయమునను ప్రభుత్వములు ఒకప్పుడు ఇట్లే చేయబోయినవి. 1947 నాటి బొంబాయి చట్టము అద్దెయిండ్లతో పాటు హోటళ్ల, లాడ్జింగు గృహముల రేట్లను కూడ అదుపు చేయుటకు ఉద్దేశించినది. 1958 నాటి ఢిల్లీ అద్దె నియంత్రణ చట్టములో హోటళ్లకు "న్యాయమైన రేటు" నిర్ణయించుటకు ప్రత్యేకాధ్యాయమే కలదు. యుద్ధము, దేశవిభజన తెచ్చిన ఇండ్ల కరవులో పుట్టిన ఆలోచన యది. ఆ పద్ధతి మన ప్రాంతమునకు వ్యాపింపలేదు, వ్యాపించియున్నను నిలిచియుండునని మేమనుకొనము. గాలి రాని గదికిని, రెండు కిటికీల గదికిని ఒకే అధికారి యెట్లు వెల కట్టగలడు?

హిందూపురపు లాడ్జి ఈ అదుపులేవియు లేకయే పెరిగినది. బెంగుళూరు దగ్గర, పరిశ్రమలు వచ్చినవి, లేపాక్షికి రైలు లేదు కనుక యాత్రికులు ఇచ్చటనే దిగుదురు. పెనుకొండ–ధర్మవరముల నడుమ పుట్టపర్తికి చేరువగా శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయము స్టేషనుతో క్రొత్త రైలు మార్గము 2000 నవంబరు 23న తెరువబడినది. దేవనహళ్లి విమానాశ్రయము 2008లో వచ్చినది. 2017లో కియా మోటారుల కర్మాగారమునకు పెనుకొండ మండలము ఎర్రమంచి వద్ద ఒప్పందము కుదిరి, 2019లో అచట కార్లు తయారగుట మొదలైనది. కొరియా దేశపు ఇంజనీర్లు అతిథులై వచ్చిరి. ఏటేట మూడు లక్షల కార్లు చేయగల కర్మాగారము ప్రక్కన నిలిచిన పెనుకొండలో, ఒకనాడు గుర్రపు వర్తకునికి ఇల్లు చూపిన ఊరిలో, బస ప్రశ్న మరల రాజకార్యమంతటిదైనది. 2022 ఏప్రిలు 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి ఈ మూడు పట్టణములును అందు చేరినవి.

లాడ్జికి మొదటి దళారి ఆటోవాడే. స్టేషను వద్ద దిగినవానిని తెచ్చి కౌంటరు ముందు నిలిపినందుకు అతనికి కొంత ముట్టును. దానిని అందరును ఎరుగుదురు. ప్రయాణికుడు కూడ ఎరుగును. ఎరుగును గనుకనే "నేను నడచి వచ్చితిని, ఆటోలో రాలేదు, ఆ మేరకు తగ్గింపుము" అని యడుగగలడు. యజమాని తగ్గింపగలడు. ఈ చిన్న స్వాతంత్ర్యమును పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము.

ఇంటర్నెట్టు దళారి మొదట వచ్చినప్పుడు ఉపకారిగానే వచ్చెను. ఇందుకు మన తెలుగువాని కథయే నిదర్శనము. నిజామాబాదు ప్రాంతపు యువకుడు ఫణీంద్ర సామ బెంగుళూరులో ఉద్యోగము చేయుచు, 2005 దీపావళికి ఇంటికి పోవ బస్సు టిక్కెట్టు దొరకక నిలిచిపోయెను. ఏ బస్సులో ఏ సీటు ఖాళీయో ఏ ఒక్క ఏజెంటునకును పూర్తిగా తెలియదని గ్రహించి, మిత్రులతో కలిసి 2006లో రెడ్‌బస్ అను సంస్థను స్థాపించెను. సీట్ల పటము ప్రయాణికుని కంటి ముందుకు వచ్చినది. పండుగనాడు ఏజెంటు నోటికి వచ్చిన ధర చెప్పు అవకాశము తగ్గినది. ఈ సంస్థయు కమీషను తీసికొనినది. కాని తువాలు తీసివేసి తీసికొనినది. 2013లో దానిని ఇబిబో కొనెను. ఆ ఇబిబో 2017 జనవరిలో మేక్‌మైట్రిప్‌తో కలిసిపోయెను. ఒకనాటి తువాలు తీసినవాని సంస్థ, పిమ్మట హోటళ్లవారు ఫిర్యాదు చేసిన ఇంటికే చేరుట చరిత్రలో తరచు జరుగు చిత్రములలో ఒకటి.

ఇప్పుడు లాడ్జి లెక్క చూతము. అంకెలు ఉదాహరణకే. ఫోనులో గది 1,000 రూపాయలు. కమీషను నూటికి 20 అనుకొందము: 200. ఆ కమీషనుపై నూటికి 18 చొప్పున జీఎస్టీ: 36. యజమానికి మిగులునది 764. ఇందులో దుప్పట్లు ఉతుకుట, కరెంటు, పనివాని జీతము, బ్యాంకు వడ్డీ. 2025 సెప్టెంబరు 22 నుండి 7,500 రూపాయల లోపు గదులపై పన్ను నూటికి 12 నుండి 5కు తగ్గినది, ప్రయాణికునికి మేలే. కాని దానితోపాటు హోటలు తాను ఇతరులకు కట్టిన పన్నును తగ్గించుకొను సౌకర్యము పోయినది గనుక ఆ 36 రూపాయలు యజమాని నెత్తిననే పడును. "ఆఫరు" అని తెరపై కనబడు తగ్గింపులో కొంత భాగమును పెక్కు సందర్భములలో హోటలే భరించును. ఇట్లుండగా యజమాని చేయగలిగినది రెండే: ఫోను ధర పెంచుట, లేదా గదిని పట్టించుకొనకుండుట. మొదటిది చేసిన అద్దె ప్రయాణికునిపై పడును, రెండవది చేసిన చిరిగిన దుప్పటి ప్రయాణికునిపై పడును.

కమీషను ఎక్కువ యనుట ఒక ఫిర్యాదు. దానికంటె లోతైనది మరియొకటి కలదు. బుకింగు కంపెనీలు హోటళ్లతో చేసికొను ఒప్పందములలో "ధర సమానత" అను షరతు చేర్చినవి: మాకిచ్చిన ధర కంటె తక్కువకు మరియొక కంపెనీ ద్వారా అమ్మరాదు, కొన్ని ఒప్పందములలో నీ స్వంత ప్రకటనలోను అమ్మరాదు. మొదట వినుటకు ఇది ప్రయాణికునికి మేలువలె తోచును – ఎచట వెదకినను ఒకే ధర, మోసము లేదు. నిదానించి చూడుడు. క్రొత్త కంపెనీ యొకటి వచ్చి "నాకు నూటికి 10 చాలు" అన్నను, ఆ తగ్గిన కమీషనును లాడ్జివాడు ధరలో చూపుటకు వీలులేదు. ధరలో చూపలేనప్పుడు ప్రయాణికుడు ఆ క్రొత్త కంపెనీ వద్దకు పోడు. పోనప్పుడు పెద్ద కంపెనీ తన కమీషను తగ్గింపవలసిన పని లేదు. ఆటోవానికి ఇచ్చునది తగ్గించి నడచివచ్చినవానికి తక్కువకు ఇయ్యగల స్వాతంత్ర్యము ఇచట పోయినది. మొదట మేమడిగిన ప్రశ్నకు సమాధానమిదే. ఆ యజమాని గొంతు తగ్గించినది ఇందుకే.

2019లో దేశములోని హోటళ్ల, రెస్టారెంట్ల సంఘముల సమాఖ్య కాంపిటీషను కమీషనుకు ఫిర్యాదు చేసెను. నూటికి 22 నుండి 40 వరకు కమీషను గుంజుచున్నారని అందు ఆరోపించిరి. కమీషను విచారించి 2022 అక్టోబరు 19న ఉత్తరువు వెలువరించినది. మేక్‌మైట్రిప్, గోఐబిబోలు హోటళ్లపై విధించిన ధర సమానత షరతు తప్పని, ఓయో సంస్థతో కుదుర్చుకొన్న ఏర్పాటు వలన ట్రీబో, ఫాబ్‌హోటల్స్ అను పోటీ సంస్థల గదులు తెరపైనుండి తొలగిపోయినవని తేల్చి, మేక్‌మైట్రిప్ వర్గమునకు 223 కోట్ల 48 లక్షలు, ఓయోకు 168 కోట్ల 88 లక్షల రూపాయలు జరిమానా విధించినది. ఇతర బుకింగు కంపెనీల విషయమున ధర సమానత షరతులను ఒప్పందములనుండి తొలగింపవలెననెను. ఆ సంస్థలు అప్పీలుకు పోయినవి. వారి వాదనకును ఒక బలమున్నది: ప్రకటనలకు, కంప్యూటర్లకు మేము కోట్లు ఖర్చుచేసి అతిథిని తెచ్చితిమి, అతడు మా తెరపై హోటలును చూచి, నేరుగా పోయి తక్కువకు గది తీసికొనిన మా ఖర్చు ఎవరిత్తురు అని వారందురు. దీనిని కొట్టివేయరాదు. మండీదారుడును రైతునకు అప్పిచ్చినప్పుడు ఇట్టి మాటనే చెప్పియుండును.

ఐరోపా ఈ వాదనను విని యుండియు వేరు దారి పట్టెను. జర్మనీ పోటీ రక్షణ కార్యాలయము 2013లో హెచ్‌ఆర్‌ఎస్ అను కంపెనీ షరతును, 2015లో బుకింగ్.కామ్ షరతును నిషేధించినది. ఫ్రాన్సు 2015లో చట్టమే చేసి, హోటలు తన గదిని తనకు తోచిన ధరకు అమ్ముకొను హక్కు నిచ్చినది. ఇటలీ 2017లో అదే చేసినది. 2024 సెప్టెంబరు 19న ఐరోపా న్యాయస్థానము బుకింగ్.కామ్ వ్యాజ్యమున, ఇట్టి షరతులు లేనిచో ఈ వ్యాపారమే నడువదనుట చెల్లదన్న తాత్పర్యముతో తీర్పు చెప్పినది. ఫ్రాన్సులో షరతు పోయిన తరువాతను ఆ కంపెనీ మూతబడలేదు గదా.

పెనుకొండ, హిందూపురపు లాడ్జివానికి ఈ తీర్పులు దూరపు కొండలు. అతనికి పెద్ద భయము షరతు కంటె వరుస. తెరపై అతని లాడ్జి మూడవదిగా కనబడునా, ముప్పదియవదిగా కనబడునా? కమీషను ఎక్కువ యిచ్చినవాడు పైకి పోవునను అనుమానము ఈ వృత్తిలో నెల్లెడల కలదు. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఇ-కామర్స్ నియమములు, వరుస నిర్ణయించు ముఖ్యమైన ఆధారములను కంపెనీ తెలుపవలెనని, పన్నులతో సహా మొత్తము వెల చూపవలెనని చెప్పుచున్నవి. 2023 నవంబరు 30న వినియోగదారుల రక్షణ అధికార సంస్థ మోసపు పద్ధతులు 13 పేర్కొని నిషేధించినది. "ఈ ధరకు ఒక్క గదియే మిగిలినది" అని అబద్ధమాడి తొందరపెట్టుట వాటిలో ఒకటి. మొదట తక్కువ చూపి చివర రుసుములు చేర్చుట మరొకటి. సరాయి గోడ మీద పట్టిక అంటింపుమన్న 1867 నాటి నియమమునకు ఇవి మనుమలే.

కాని ఒక సంగతి మాత్రము ఏ నియమమును ఇంకను అడుగుటలేదు: ప్రయాణికుడు చెల్లించు వేయిలో నడిమివానికి పోవునది యెంతయో బిల్లుపై వ్రాయుట. మండీ చీటీలో కమీషనునకు ఒక గడి యున్నది. లాడ్జి రసీదులో లేదు. ఆ గడి యొక్కటి వచ్చినచో నూటికి 10 న్యాయమా, 20 న్యాయమా అని ప్రభుత్వము నిర్ణయింపనక్కరలేదు, ప్రయాణికుడే నిర్ణయించుకొనునని మా నమ్మకము. అర్ధరాత్రి దిగిన కొరియా ఇంజనీరు 200 రూపాయలు తగునని సంతోషముగా ఇచ్చును; ఏటేట వచ్చు బెల్లపు వర్తకుడు లాడ్జివానికి ఒక్క ఫోను చేసి వాటిని మిగుల్చుకొనును.

ప్రయాణమునకు పోవువారికి ఒక్క మాట. తెరపై చూచిన లాడ్జికి నేరుగా ఫోను చేసి ధర అడుగుట తప్పు కాదు, నేరము కాదు. అడుగునప్పుడు పన్ను కలిసినదా, గది అదియేనా, ప్రయాణము మానుకొన్న సొమ్ము తిరిగి యిత్తురా అని మూడును కలిపి అడుగుడు. తక్కువ ధర యని తోచినది ఒక్కొక్కప్పుడు వెనుక కిటికీ లేని గది కావచ్చును.